ఊళ్లో చిన్న వ్యాపారం పెంచుకోవాలంటే: గోదావరి డెల్టాలో ఉచిత ప్రభుత్వ సాయం ఏ వరసలో అడగాలి

జిల్లా పరిశ్రమల కేంద్రం గడప తొక్కినవాళ్లు చాలామంది మొదట అడిగేది "సబ్సిడీ ఎంతండీ?" అనే. 35 శాతం అనో, 10 లక్షల దాకా అనో జవాబు వస్తుంది. ఆ అంకె చెవిన పడగానే ఇంటికొచ్చి యంత్రానికి అడ్వాన్సు కట్టేస్తారు. సగం కేసులు చెడేది అక్కడే. బ్యాంకు మంజూరు చేయకముందు మీ డబ్బుతో కొన్న యంత్రం సబ్సిడీ లెక్కలోకి రాదు, పాత యంత్రం అసలే రాదు.

సబ్సిడీ దానంతటది రాదు. బ్యాంకు లోనుకి తోకలా వెనక వస్తుంది, అదీ చివర్లో. లోనుతో నిమిత్తం లేకుండా ఇవాళే, పైసా కట్టకుండా దొరికేవి వేరే ఉన్నాయి: రిజిస్ట్రేషను, శిక్షణ, ప్రాజెక్టు రిపోర్టు రాసిపెట్టే మనిషి, బాకీ ఎగ్గొట్టిన కొనుగోలుదారు మీద ఫిర్యాదు చేసుకునే చోటు. వీటిని చూసేవాళ్ల జీతభత్యాలు ఖజానా నుంచే వెళ్తున్నాయి. ముందు వీటిని వాడుకుని ఆ తర్వాత లోనుకి వెళ్తే బ్యాంకు మేనేజరు మీతో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

మీది ఏ ఖానాలో పడుతుంది?

కాగితాల జోలికి వెళ్లే ముందు ఒక్క విషయం తేల్చుకోండి: మీ వ్యాపారం ఇప్పటికే నడుస్తోందా, కొత్తగా పెడుతున్నారా? ఊళ్లో అందరి నోటా నానేది పీఎంఈజీపీ, బ్యాంకు లోనుకి సబ్సిడీ కలిపే కేంద్ర పథకం. తయారీ అయితే 50 లక్షలు, సేవలైతే 20 లక్షల వరకు ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. పల్లెలో మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 35 శాతం, జనరల్ పురుషులకు 25 శాతం. పట్టణంలో ఇవే 25, 15 అవుతాయి. కానీ ఇది కొత్త యూనిట్లకే. పదేళ్లుగా నడుస్తున్న కారప్పూస కొట్టుకి కొత్త పేరు తగిలించి దరఖాస్తు పెడితే తనిఖీలో దొరికిపోతారు. గతంలో పీఎంఈజీపీ గాని ముద్ర (హామీ అడగని చిన్న బ్యాంకు లోను) గాని తీసుకుని, బాగా నడుపుతూ అప్పు తీర్చేసినవాళ్లకు మాత్రం విస్తరణ కోసం రెండో లోను దారి ఉంది.

నడుస్తున్నది తిండి సరుకు యూనిట్ అయితే మీ దారి పీఎంఎఫ్ఎంఈ, చిన్న ఆహార యూనిట్ల కోసం ఉన్న కేంద్ర పథకం. ఆత్రేయపురం పూతరేకులు, మోరి జీడిపప్పు, అంబాజీపేట కొబ్బరి నూనె, రొయ్యల పచ్చడి, అప్పడాలు, పిండిమర అన్నీ దీని కిందికే వస్తాయి. చేతిపని అయితే పీఎం విశ్వకర్మ. కొబ్బరి పీచు పని అయితే కాయర్ బోర్డు. కడియం తరహా మొక్కల నర్సరీ సాగు కింద లెక్క, కాబట్టి దానికి ఉద్యానశాఖ గుమ్మం తొక్కాలి; చేపల చెరువుకి ముందు మత్స్యశాఖను అడగండి. పరిశ్రమల కేంద్రంలో నెలలు తిరిగాక ఈ సంగతి తెలిసి చెప్పులు అరిగినవాళ్లున్నారు. కిరాణా, బట్టల కొట్టు, ఎరువుల కొట్టు లాంటి కొని అమ్మే వ్యాపారాలకు ముద్రే దగ్గరి దారి: 50 వేల లోపు శిశు, 5 లక్షల లోపు కిశోర్, 10 లక్షల లోపు తరుణ్. ఇందులో సబ్సిడీ లేదు, హామీ కూడా అడగరు. పట్టణాల్లో తోపుడు బండి మీద అమ్మేవాళ్లకు పీఎం స్వనిధి వేరుగా ఉంది.

పీఎంఈజీపీ, పీఎంఎఫ్ఎంఈ రెండింటికీ కేంద్రం ఇచ్చిన ఆమోదం 2025-26 ఆర్థిక సంవత్సరం వరకు. ఆ తర్వాత శాతాలు, పరిమితులు మారే వీలుంది. కాబట్టి దరఖాస్తు పెట్టే వారంలోనే ఆఫీసులో ఒకసారి కనుక్కోండి. నిరుడు పక్కింటాయనకి వచ్చింది కాబట్టి ఈ ఏడు మీకూ వస్తుందనే లెక్క పనికిరాదు.

కాగితాలు: పేర్లు కలవకపోతే ఏదీ కదలదు

మొదటి కాగితం ఉద్యం రిజిస్ట్రేషను, అంటే చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు. 2020 జులై 1న మొదలైంది, పూర్తిగా ఉచితం, ఆన్‌లైన్లోనే చేసుకోవాలి. ఆధార్, పాన్, ఆధార్‌కి కలిపిన ఫోన్ నంబరు ఉంటే అరగంట పని. చిరునామా చివర "గవ్ డాట్ ఇన్" ఉన్న సైటే అసలుది. వెతికితే పైన కనిపించే సైట్లలో కొన్ని 1,500 నుంచి 3,000 దాకా గుంజుతాయి, అవి ప్రైవేటు దుకాణాలు. సొంతంగా చేసుకోలేకపోతే పరిశ్రమల కేంద్రంలో కూర్చోబెట్టి ఉచితంగా చేసిపెడతారు. పాన్ కూడా లేని అతి చిన్నవాళ్లకు బ్యాంకుల ద్వారా నడిచే ఉద్యం అసిస్ట్ ఉంది, దానికీ రుసుము లేదు.

మన ప్రాంతంలో ఇక్కడ తగిలే పెద్ద దెబ్బ ఇంటిపేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాన్‌లో వెనక్కి, బ్యాంకు పాస్‌బుక్‌లో ఒక్క అక్షరంగా ఉంటుంది. పెళ్లయిన ఆడవాళ్లకైతే పాన్‌లో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. సైటు ఒప్పుకోదు. ఒకవేళ ఒప్పుకున్నా సబ్సిడీ పడే రోజున బ్యాంకు ఆపేస్తుంది. ముందు ఆధార్ సరిచేసుకుని, దాన్నిబట్టి పాన్, ఆ రెంటినిబట్టి బ్యాంకు ఖాతా మార్చుకోండి. ఈ వరస తలకిందులైతే ఒక్కోటి రెండుసార్లు చేయాల్సి వస్తుంది.

రెండో తప్పు వ్యాపారం కోడు. ఫారం నింపే కుర్రాడు తొందరలో "చిల్లర వర్తకం" అని కొట్టేస్తాడు. మీరు పూతరేకులు చుట్టి అమ్ముతున్నా సర్టిఫికెట్లో వర్తకులైపోతారు. వర్తకులకు ఉద్యం ఉన్నా బ్యాంకు ప్రాధాన్య రుణం వరకే పనికొస్తుంది. కింద చెప్పబోయే బాకీల ఫిర్యాదు హక్కు వాళ్లకు లేదు. సర్టిఫికెట్ చేతికి రాగానే "తయారీ" అని ఉందో లేదో చూడండి. లేకపోతే అదే సైట్లో దిద్దుకోవచ్చు, అదీ ఉచితమే.

తిండి సరుకుకి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నమోదు తప్పనిసరి. చిన్న తయారీదారు చేయించుకునే ప్రాథమిక నమోదుకి ఏడాదికి 100 రూపాయలు. జీఎస్టీ మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్లకు ఏడాది అమ్మకం 40 లక్షలు దాటితేనే తప్పనిసరి, రాష్ట్రం బయటకు అమ్మితే లెక్క వేరు. ప్యాకెట్టు కట్టి అమ్మేవాళ్లు తూనికలు కొలతల శాఖలో ప్యాకరుగా నమోదవ్వాలి, దానికి 500. ఈ మూడింటికీ కన్సల్టెంటు అక్కర్లేదు.

కరెంటు సంగతి చాలామంది పట్టించుకోరు. ఇంటి వెనక షెడ్డులో యంత్రం పెట్టి ఇంటి మీటరు మీదో, కమర్షియల్ కనెక్షను మీదో నడుపుతారు. తయారీ యూనిట్‌కి పరిశ్రమల క్యాటగిరీ వేరుగా ఉంది, యూనిట్ ధర కమర్షియల్ కంటే తక్కువ. ఉద్యం సర్టిఫికెట్ జత చేసి కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో మార్పు అడగండి. ఏ సబ్సిడీ అక్కర్లేకుండా నెలనెలా మిగిలే డబ్బు ఇది.

పీఎంఎఫ్ఎంఈ లెక్క

దీన్ని కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే డెల్టాలో నడుస్తున్న చిన్న యూనిట్లకు ఎక్కువగా సరిపోయేది ఇదే. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. మీ వాటా కనీసం 10 శాతం. మిగతాది బ్యాంకు లోను. రాష్ట్రంలో దీన్ని చూసేది ఆంధ్రప్రదేశ్ ఫుడ్ ప్రాసెసింగ్ సొసైటీ.

ఒక కొబ్బరి నూనె యూనిట్ అనుకోండి. డ్రయ్యరు, ఎక్స్‌పెల్లరు, ఫిల్టరు, సీసాలు నింపే యంత్రం కలిపి 5,60,000. నేల చదును, టైల్సు, డ్రైనేజి, వైరింగు లాంటి టెక్నికల్ సివిల్ పని 2,40,000. మొత్తం 8 లక్షలు. సివిల్ పని మొత్తంలో 30 శాతం మించకూడదు, ఇక్కడ సరిగ్గా 30 ఉంది. మీరు పెట్టేది 80,000. లోను 7,20,000. సబ్సిడీ 2,80,000. స్థలం కొన్న ఖర్చు ఇందులో వెయ్యడానికి లేదు. షెడ్డు కట్టడమే మూడొంతులు పెట్టి రాసిన రిపోర్టులు మొదటి చూపులోనే వెనక్కొస్తాయి.

సబ్సిడీ వచ్చిన రోజున మీ చేతికి రాదు. బ్యాంకులో మీ పేరిట విడిగా మూడేళ్లు ఉంటుంది. అంత మొత్తం మీద లోను వడ్డీ వెయ్యకూడదు. అంటే పై ఉదాహరణలో వడ్డీ పడేది 4,40,000 మీదే. మూడేళ్ల తర్వాత లోను సక్రమంగా నడుస్తుంటే అసలులో సర్దుతారు. ఈలోగా వాయిదాలు తప్పి ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అయితే ఆ డబ్బును బ్యాంకు బాకీ కింద జమ చేసుకుంటుంది. మొదటి నెల స్టేట్‌మెంటు తీసి వడ్డీ ఎంత మీద వేశారో చూసుకోండి. పొరపాటున మొత్తం మీద వేసిన సందర్భాలుంటాయి, అడిగితే సరిచేస్తారు, అడక్కపోతే లేదు.

పై లెక్కలో లేనిది, కొంప ముంచేది వర్కింగ్ క్యాపిటల్, అంటే సరుకులో, అప్పుల్లో తిరుగుతుండే డబ్బు. రోజుకి 100 కేజీల ఎండు కొబ్బరి ఆడితే 60 కేజీల పైచిలుకు నూనె వస్తుంది, మిగతాది చెక్క. పది రోజుల సరుకు నిల్వ ఉండాలి, కొట్లవాళ్లకి ఇరవై రోజుల అప్పు ఇవ్వాలి అనుకుంటే, ఏ రోజు చూసినా 3,000 కేజీల కొబ్బరి విలువ మీ చేతిలో లేకుండా బయట ఉంటుంది. ఆ వారం అంబాజీపేట మార్కెట్ ధరతో దాన్ని గుణించి చూడండి. యంత్రం కంటే ఎక్కువ తేలినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఈ డబ్బుకి సబ్సిడీ లేదు గాని, యంత్రానికి ఇచ్చే టర్మ్ లోనుతో పాటే క్యాష్ క్రెడిట్ (సరుకు కోసం వాడుకుని తిరిగి కట్టే అప్పు) కూడా దరఖాస్తులోనే అడగాలి. తర్వాత చూద్దాంలే అనుకున్న యూనిట్లు యంత్రం కొత్తగా మెరుస్తుండగానే మూలబడతాయి.

ఈ రిపోర్టు రాయడానికి జిల్లా రిసోర్స్ పర్సన్ అని ఒకరుంటారు. దరఖాస్తు నింపడం, రిపోర్టు తయారు చేయడం, బ్యాంకుకి వెంట రావడం, లోను వచ్చాక లైసెన్సులు ఇప్పించడం వాళ్ల పని. మంజూరైన ఒక్కో లోనుకి ప్రభుత్వం 20,000 ఇస్తుంది: సగం మంజూరయ్యాక, సగం రిజిస్ట్రేషన్లన్నీ పూర్తయి యూనిట్ నిలబడ్డాక. కాబట్టి మీరు ఇవ్వాల్సింది ఏమీ లేదు, ఒక కాఫీ తప్ప. జిల్లాలో వాళ్ల జాబితా పరిశ్రమల కేంద్రంలో గాని, ఉద్యానశాఖ ఆఫీసులో గాని దొరుకుతుంది. ఇద్దరు ముగ్గురితో మాట్లాడి, మీ తరహా యూనిట్‌కి ఇంతకుముందు లోను ఇప్పించినవాళ్లని ఎంచుకోండి.

డ్వాక్రా సంఘంలో ఉండి ఇంట్లో పచ్చళ్లు, అప్పడాలు చేసేవాళ్లకి ఇదే పథకంలో సభ్యురాలికి 40,000 వరకు సీడ్ క్యాపిటల్ ఉంది. చిన్న సామాను, సరుకు కోసం. ఇది సమాఖ్య ద్వారా వస్తుంది, సమాఖ్యకే తిరిగి కట్టాలి. పల్లెలో వెలుగు సిబ్బందిని, పట్టణంలో మెప్మా వాళ్లని అడగండి.

రిపోర్టులో డెల్టా కనిపించాలి

బ్యాంకులకు వచ్చే రిపోర్టుల్లో చాలా వరకు ఒకే అచ్చు. ఏడాదికి 300 పని దినాలు, నెలనెలా ఒకే అమ్మకం. మేనేజరు అనుభవజ్ఞుడైతే అక్కడే పక్కన పెడతాడు. పూతరేకులు సంక్రాంతికి, ఆషాఢం సారెలకి, పెళ్లిళ్లకి వెళ్తాయి. మూఢం పడితే పడుకుంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం, ఆ రెండు నెలలు ఎండుచేపల యూనిట్‌కి సముద్రపు సరుకు రాదు. జులై నుంచి సెప్టెంబరు దాకా ఎండబెట్టే పని ఏదీ ఆరుబయట సాగదు. నెలవారీ అమ్మకాల పట్టిక ఇలా ఎగుడుదిగుడుగానే రాయండి. దానికి తగ్గట్టు మొదటి ఆరు నెలలు మారటోరియం (వాయిదాల విరామం) అడగండి. వాయిదా ఏ నెలలో మొదలైతే కట్టగలరో మీరే రాసివ్వండి.

లంక గ్రామాల్లో, ఏటిగట్టు వారన స్థలానికి కాగితాలు సరిగా ఉండవు. అసైన్డ్ భూమిని తనఖా పెట్టలేరు. అయినా భయపడాల్సిన పని లేదు. చిన్న యూనిట్లకు కనీసం 10 లక్షల దాకా బ్యాంకు ఆస్తి హామీ అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ పైన సీజీటీఎంఎస్ఈ అనే ప్రభుత్వ నిధి గ్యారంటీ కింద ఇవ్వొచ్చు. కానీ యూనిట్ ఉన్న చోటికి లీజు కాగితమైనా ఉండాలి, లీజు గడువు లోను గడువు కంటే ఎక్కువ ఉండాలి. మూడేళ్ల లీజు పెట్టి ఏడేళ్ల లోను అడిగితే ఇవ్వరు.

వరద సంగతీ ఇప్పుడే చూసుకోండి. యంత్రం దిమ్మ ఎత్తు గతంలో వచ్చిన పెద్ద వరద మట్టం కంటే పైన ఉండాలి, ఆ ఖర్చు సివిల్ పనిలో చూపించొచ్చు. బ్యాంకు చేయించే బీమాలో చాలాసార్లు యంత్రమే ఉంటుంది, సరుకు ఉండదు. చిరునామా దగ్గర షెడ్డుది కాకుండా ఇంటిది పడుతుంది. పాలసీ కాపీ అడిగి తీసుకుని మూడు చూడండి: తుపాను, వరద రెండూ ఉన్నాయా, సరుకు ఉందా, షెడ్డు డోరు నంబరు ఉందా. నీళ్లొచ్చాక చూసుకుని లాభం లేదు.

బ్యాంకుకి వెళ్లే ముందు మీ క్రెడిట్ రిపోర్టు (అప్పుల చరిత్ర) తీయండి. సిబిల్ లాంటి ప్రతి సంస్థా ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. బావమరిది ట్రాక్టరు లోనుకి పెట్టిన హామీ సంతకం, ఎప్పుడో తీర్చేసినా "సెటిల్డ్" అని పడిన బంగారం లోను ఇక్కడే బయటపడతాయి. తప్పుంటే ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకి 100 చొప్పున మీకు పరిహారం ఇవ్వాల్సి ఉంటుంది.

కొటేషన్లు జీఎస్టీ నంబరున్న డీలరువే కావాలి. ఒకే యంత్రానికి రెండు మూడు తెచ్చుకోండి. లోను డబ్బు నేరుగా డీలరు ఖాతాకే వెళ్తుంది. "బిల్లు ఎక్కువ రాస్తాను, మిగతాది మీకు ఇస్తాను" అనే డీలరుకి దండం పెట్టి బయటికి రండి. తనిఖీలో యంత్రం ధర తేలిపోతుంది, దాంతో సబ్సిడీ పోతుంది, కేసూ పడుతుంది.

చేతిపనివాళ్లు, పీచు పనివాళ్లు

పీఎం విశ్వకర్మ 2023 సెప్టెంబరు 17న మొదలైంది. 18 వృత్తుల జాబితాలో వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, కంసాలి, దర్జీలతో పాటు డెల్టాకి ప్రత్యేకంగా పనికొచ్చేవి మూడున్నాయి: పడవలు కట్టేవాళ్లు, వలలు అల్లేవాళ్లు, చాప, బుట్ట, చీపురు, పీచు అల్లికవాళ్లు. కామన్ సర్వీస్ సెంటర్లో ఉచితంగా నమోదు చేస్తారు, పంచాయతీ స్థాయిలో పరిశీలిస్తారు. వారం లోపు శిక్షణ, రోజుకి 500 భత్యం, పనిముట్లకి 15,000 విలువైన ఇ-వోచరు. తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష వరకు 18 నెలలకి, అది సరిగా కడితే 2 లక్షల వరకు 30 నెలలకి లోను. కుటుంబానికి ఒక్కరికే. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉంటే రాదు. ఒక మాట: వృత్తి పేరు ఎంచుకునేటప్పుడు పనిముట్ల కిట్టులో ఏముందో చూసుకుని ఎంచుకోండి, తర్వాత మార్చడం కష్టం.

పీచు తాడు, చాపలు, కోకోపీట్ పనికి కాయర్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం రాజమహేంద్రవరంలో ఉంది. పీచు వడకడంలో ఆడవాళ్లకు భత్యంతో కూడిన శిక్షణ ఇస్తారు. పీచు యూనిట్‌కి పీఎంఈజీపీ దరఖాస్తు కూడా కాయర్ బోర్డు ద్వారానే పెట్టుకోవచ్చు. ఈ పని తెలిసినవాళ్లు అక్కడున్నారు కాబట్టి యంత్రాల విషయంలో పొరపాటు సలహా వచ్చే అవకాశం తక్కువ.

శిక్షణ

లీడ్ బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో భోజనం, వసతితో సహా ఉచితం. పాత ఆంధ్రా బ్యాంకు రాజమహేంద్రవరంలో పెట్టినది ఇప్పుడు యూనియన్ బ్యాంకు కింద ఉంది. కోర్సుని బట్టి వారం నుంచి నెలన్నర, ఆ తర్వాత రెండేళ్లు వెంట ఉండి లోను దాకా చూస్తారు. కొబ్బరి మీద సందేహాలకు అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం, ఇతర పంటల ప్రాసెసింగ్‌కి వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం, ఉండి కృషి విజ్ఞాన కేంద్రం దగ్గరివి. రొయ్యల రైతులకు సహాయపడే నాక్సా కేంద్ర కార్యాలయం కాకినాడలోనే ఉంది. పచ్చడి నూనె ఎందుకు కక్కుతోంది, నిల్వ ఎందుకు ఉండడం లేదు లాంటి ప్రశ్నలకు యంత్రాల డీలరు కంటే వీళ్లు నయం.

అమ్మకం, బాకీలు

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నరసాపురం లేసుకీ, ఉప్పాడ జాంధానీకీ ఉంది. గుర్తింపు సంఘం పేరిట వచ్చింది గాని, దాన్ని మీ ప్యాకెట్టు మీద వేసుకోవాలంటే మీరు విడిగా అధీకృత వాడుకదారుగా నమోదవ్వాలి. చెన్నైలోని రిజిస్ట్రీకి జీఐ-3 ఫారం, రుసుము 10 రూపాయలు. 2020కి ముందు 500 ఉండేది. మీరు ఆ ప్రాంతంలో తయారు చేస్తున్నారని సంఘం లేఖ జత చేయండి. పది రూపాయలకి ఇంత హక్కు ఇంకెక్కడా దొరకదు, అయినా తీసుకున్నవాళ్లు తక్కువ. సొంత బ్రాండు పేరుకి ట్రేడ్‌మార్కు ఆన్‌లైన్లో కంపెనీలకు మామూలుగా 9,000; వ్యక్తి పేరిట అయినా, ఉద్యం చూపించినా 4,500.

లోపాల్లేని తయారీకి కేంద్రం ఇచ్చే జెడ్ కాంస్య సర్టిఫికెట్ ఖరీదు 10,000. సూక్ష్మ యూనిట్లకి 80 శాతం రాయితీ, మహిళల యూనిట్లకి పూర్తిగా ఉచితం. షెడ్డు శుభ్రత, భద్రత, రికార్డుల ఫోటోలు ఎక్కించడమే పని. పెద్ద కంపెనీలకు సరుకు పెట్టాలనుకునేవాళ్లకి ఇది అక్కరకొస్తుంది.

ఇక బాకీలు. చిన్న పరిశ్రమల కోసం ఉన్న ఎంఎస్ఎంఈడీ చట్టం 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న తయారీదారుకి కొన్నవాళ్లు ఒప్పందం ఉంటే దాని ప్రకారం, ఎంతకాదన్నా 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. కేంద్ర చిన్న పరిశ్రమల శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్ విచారిస్తుంది. సరుకు పంపిన తేదీ నాటికే ఉద్యం ఉండేలా చూసుకోండి, తర్వాత చేయించుకుంటే పాత బిల్లుల మీద పేచీ రావొచ్చు. ఫిర్యాదు దాకా వెళ్లకుండా పని జరిగే ఉపాయం ఒకటుంది: ప్రతి బిల్లు మీద ఉద్యం నంబరు అచ్చు వేయండి. గడువు దాటి, మార్చి 31 లోపు కూడా చెల్లించకపోతే ఆ ఏడాది కొనుగోలుదారు ఆదాయపు పన్నులో ఆ ఖర్చు చూపించుకోలేడు. వాళ్ల ఆడిటరు మార్చి నెలలో మీకు ఫోన్ చేయిస్తాడు.

ఫైలు ఆగిపోతే

దరఖాస్తు ఇచ్చిన రోజునే రసీదు తీసుకోండి, నోటి మాట వద్దు. కాగితాలన్నీ ఇచ్చాక 25 లక్షల లోపు లోను మీద బ్యాంకు 14 పని దినాల్లో ఏదో ఒకటి తేల్చాలి. కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి. "టార్గెట్ అయిపోయింది" అనే మాట కాగితం మీద పెట్టడానికి ఎవరూ ఇష్టపడరు, అక్కడే కొన్ని ఫైళ్లు కదులుతాయి. కదలకపోతే జిల్లాలోని బ్యాంకుల పనిని సమన్వయం చేసే లీడ్ డిస్ట్రిక్ట్ మేనేజరుకి రాయండి. సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. బ్యాంకుకి రాసిన ఫిర్యాదుకి 30 రోజుల్లో జవాబు లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో ఉచితంగా పెట్టొచ్చు.

"పది శాతం ఇస్తే సబ్సిడీ నేను తెస్తా" అనే దళారికి మీ ఓటీపీ, సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇవ్వకండి. వాళ్లు చేసేదల్లా మీరు ఉచితంగా పెట్టుకోగల ఆన్‌లైన్ దరఖాస్తే. పైగా మీ లాగిన్‌లో తమ ఫోన్ నంబరు పెట్టుకుంటారు. ఆ తర్వాత బ్యాంకు అడిగే ప్రశ్నలు మీకు రావు, జవాబు లేక దరఖాస్తు రద్దవుతుంది. ఇప్పటికే అలా జరిగి ఉంటే పరిశ్రమల కేంద్రంలో ఆధార్‌తో వెళ్లి ముందు ఫోన్ నంబరు మార్పించుకోండి.

లోను వచ్చాక ఒక ఫైలు విడిగా పెట్టండి: మంజూరు పత్రం, యంత్రాల బిల్లులు, సబ్సిడీ జమ అయిన తేదీ ఉన్న స్టేట్‌మెంటు, యూనిట్ బోర్డుతో ఫోటో. మూడేళ్ల గడువు ఏ తేదీ నుంచి లెక్కో (పీఎంఎఫ్ఎంఈలో లోను చివరి విడత ఇచ్చిన తేదీ నుంచి) బ్యాంకులో ఖాయం చేసుకుని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. మేనేజర్లు ఈలోగా బదిలీ అయిపోతారు, కొత్తాయనకి మీ సబ్సిడీ సంగతి తెలియదు. గడువు నిండిన వారంలో సబ్సిడీని లోనులో సర్దమని లేఖ మీరే ఇచ్చి, రెండో ప్రతి మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి.